వర్క్‌బెంచ్‌కి మెరుపు ఎందుకండీ?

అందరికీ నమస్కారం.

మన ఊళ్ళల్లో వడ్రంగి నేల మీద కూర్చుని, చెక్కని కాలితో నొక్కిపట్టి ఉలి ఆడిస్తాడు. ఆ ఒడుపు చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టాలి. ఆదివారం పూట గ్యారేజీలో చెక్కపని చేసుకునే మనకి అది ఎక్కడ వస్తుంది? చెక్కని కదలకుండా పట్టుకునే పని బల్లకి అప్పగించాల్సిందే. అందుకే వర్క్‌బెంచ్‌ని ఫర్నిచర్ లెక్కలో వెయ్యకండి. అదీ ఒక పనిముట్టే.

దీనికి టేకు వద్దంటాను. ధర చూస్తే గుండె ఆగుతుంది, బరువులో మాత్రం నల్లమద్ది, తుమ్మల ముందు తీసికట్టే. పాత ఇళ్ళు పడగొట్టిన దూలాలు అడితిలో దొరికితే ఇంకా మంచిది. ఏళ్ళ తరబడి ఆరిన చేవ అది. కోసే ముందు అంతా తడిమి మేకులు పీకండి, ఒక్కటి మిగిలినా రంపం పళ్ళు పోతాయి.

ఎత్తు సంగతి తేలిక. చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు ఎక్కడికొస్తే అక్కడికి. పైచెక్క 75 మిల్లీమీటర్ల మందం ఉంటే దెబ్బలకి అదరదు. అడ్డకొయ్యల చివర కుసి (బెజ్జంలో దూరే సన్నని నాలుక) చెక్కి, కాళ్ళకి తొలిచిన బెజ్జాల్లోకి బిగుతుగా దించాలి. ఇక్కడ మేకులతో సరిపెడితే, చిత్రిక పట్టి చెక్కని నునుపు చేసేటప్పుడు బల్ల ఊగుతుంది.

చెక్క వానాకాలం వెడల్పులో ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పొడవులో మార్పు నామమాత్రం. పైచెక్కని ఫ్రేముకి ఫెవికాల్‌తో అతికేస్తే ఏదో ఒక వేసవిలో టప్పున చీలుతుంది. ముందు అంచున స్క్రూలు గట్టిగా బిగించి, వెనక వాటి రంధ్రాలు కోలగా తొలవండి. చెక్క అటూ ఇటూ జరగడానికి చోటుంటుంది.

తర్వాత చదును చెయ్యాలి. బల్ల రెండు చివర్లా తిన్నని పట్టీలు అడ్డంగా నిలబెట్టి, కన్ను వాటి ఎత్తుకి దించి చూడండి. రెండంచులూ సమాంతరంగా కనిపించకపోతే చెక్క మెలిపడిందన్నమాట. లేచిన మూలల్ని చిత్రికతో దించాలి.

ఇక ఫినిషింగ్. చాలామంది మోజుపడి నిగనిగలాడే పాలిష్ కొట్టిస్తారు. ఆ నునుపు మీద చెక్క జారుతుంది, సుత్తి పడితే పెచ్చులు లేస్తాయి. పెయింట్ల షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ చాలు. ధారాళంగా రాసి, పావుగంట ఆగి, మిగిలిందంతా తుడిచెయ్యండి. ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ రాయండి. నూనె పీల్చిన చెక్కకి జిగురు సరిగ్గా అంటదు, కారిన చుక్కలు ఉలితో గీకితే ఊడొస్తాయి.

తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడెయ్యకండి. ఈ నూనె గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటుంది. విడివిడిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి.

ప్రశ్నలుంటే అడగండి. వైస్ (చెక్కని బిగించి పట్టే మరపట్టు) ఎక్కడ బిగించాలని ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: కుడిచేతివాటం వాళ్ళకి ముందు అంచున ఎడమ చివర.