పొగ గొట్టానికి పట్టూ విడుపూ

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. కాగితం మీద ఐదు అంశాలు రాసుకొచ్చాను. వాటిలోకి వెళ్లే ముందు ఈ సంచిలోంచి ఒక వస్తువు తీసి మొదటి వరుసకిస్తున్నాను. చూసి వెనక్కి పంపుతూ ఉండండి. అదేమిటో తర్వాత చెబుతాను.

భవనాల్లో పొగ గొట్టం అనగానే అందరూ సైజు ఎంత, మందం ఎంత, ఎత్తు ఎంత అంటారు. దాన్ని పట్టుకుని ఉన్నదేమిటని మాత్రం ఎవరూ అడగరు. డ్రాయింగులో పైపుకి రెండు గీతలుంటాయి. సపోర్టుకి ఒక్క గీతా ఉండదు. మూలన చీమల బారులా 'సపోర్టులు సైటు అవసరాన్ని బట్టి' అని ఉంటుంది. సైటు అవసరం అంటే ఏమిటండీ? ఆ పూట స్క్రాపులో ఏ యాంగిల్ ముక్క దొరికితే అది. నవ్వకండి. మీలో సగం మంది చేసిన పనే. నేనూ చేశాను.

మొదటి అంశం బరువు. 200 మిల్లీమీటర్ల, షెడ్యూల్ 40 మందం ఉక్కు పైపు మీటరుకి 42 కిలోలు తూగుతుంది. పది మీటర్లంటే నాలుగు క్వింటాళ్ల పైమాట. పైన వేడి ఆపే రాక్‌వుల్, అల్యూమినియం రేకు, మధ్యలో సైలెన్సరు. ఇదంతా శ్లాబు మోయాలి, లేదా గోడ మోయాలి, లేదా నేల మీద లేపిన స్టాండు మోయాలి. కింద ఉన్న జనరేటర్ ఇంజను మాత్రం మోయకూడదు. ఇంజనులోంచి పొగ బయటికొచ్చే టర్బో నోటి దగ్గర బెల్లోస్, అంటే ముడతల గొట్టం, పెట్టేది అదురు పైపుకి ఎక్కకుండా, పైపు సాగితే తాను నొక్కుకోవడానికి. దాని మీద బరువు పెడితే అది బెల్లోస్ కాదు, నలిగిన డబ్బా. బరువు గురించి ఇంతే. ఇది అందరికీ అర్థమయ్యేదే.

రెండోది సాగుడు. ఇది ఎవరికీ అర్థం కాదు. నాకు అర్థమైన రోజు గురించి చెబుతాను, మిగతా అంశాలు కాస్త ఆగనీండి.

అప్పుడు నేను కొత్త సూపర్‌వైజర్ని. జనరేటర్ గదిలో పైపు పని నా చేతిలో పెట్టారు. ఇంజను పైనుంచి లేచి, వంపు తిరిగి, శ్లాబు కింద పన్నెండు మీటర్లు అడ్డంగా నడిచి, గోడ దాటి బయటికి వెళ్లాలి. నా దగ్గర ఒక పెద్ద మేస్త్రీ ఉండేవారు. చదువు లేదు, స్పానర్ పడితే మాత్రం నట్టు ఆయన మాట వింటుంది. నాకేమో ఏది కదిలినా తప్పే అనిపించేది. ఆరు యూ-క్లాంపులు వేయించాను. ఆరూ బిగించాను. చేత్తో ఊపి చూశాను, ఉలకలేదు, పలకలేదు. సంతోషం పట్టలేకపోయాను.

బెల్లోస్‌కి రెండు వైపులా పసుపు రంగు కడ్డీలున్నాయి. మేస్త్రీ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "బాబూ, ఆ కడ్డీలు తీసెయ్యండి, అవి లారీ ప్రయాణానికి పెట్టినవి" అన్నారు. నేనేమన్నానంటే, "ఉండనివ్వండి మేస్త్రీ, ఇంకాస్త గట్టిగా ఉంటుంది." ఆయన నా వంక ఒకసారి చూసి టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తు.

మర్నాడు ఫుల్ లోడు పరీక్ష. ఇక్కడ చిన్న లెక్క, పెన్నున్నవాళ్లు రాసుకోండి. ఫుల్ లోడు మీద డీజిల్ పొగ 450 డిగ్రీల వరకూ ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పైనే. గది 30 అనుకుంటే పెరుగుదల 420. మామూలు ఉక్కు మీటరుకి, డిగ్రీకి సుమారు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. పన్నెండు మీటర్లకి గుణించండి. 60 మిల్లీమీటర్లు. మూడు వేళ్ల వెడల్పు! స్టెయిన్‌లెస్ అయితే 0.017, అంటే 85 దాటుతుంది. ఆ మూడు వేళ్లు ఎక్కడికి పోవాలి? నేను పోనివ్వలేదు కదా. ఆరు క్లాంపులూ నావే, కడ్డీలూ నావే.

ఇరవై నిమిషాలు నడిచిందో లేదో, పైన టప్ మని ఒక చప్పుడు. బోల్టు విరిగిందనుకున్నాను. రెండోది, మూడోది. శ్లాబులో దించిన యాంకర్ బోల్టులు ఊడి వస్తున్నాయి, గోలీకాయంత కాంక్రీటు ముక్కలు రాలుతున్నాయి. తర్వాత పైపు ముక్కల్ని కలిపే ఫ్లాంజి నోరు తెరిచింది. గదినిండా నల్లటి పొగ. ఆపరేటర్ దగ్గుతూ, గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. అత్యవసర బటన్ నొక్కింది మేస్త్రీ, నేను కాదు. నేను నిలబడిపోయాను.

మనిషికి ఏమీ కాలేదు. అందుకే ఈ కథ ఇలా చెప్పగలుగుతున్నాను.

పైపు చల్లారాక మేస్త్రీ నన్నొక్క మాట అనలేదు. మళ్లీ కట్టేటప్పుడు మాత్రం ఒక్కచోటే బిగించారు, సైలెన్సర్ దగ్గర. మిగతా చోట్ల పైపు కింద షూ, అంటే పాదంలాంటి ఇనప ముక్క, వెల్డు చేసి, అది ప్లేటు మీద జారేలా పెట్టి, పక్కకి పోకుండా రెండు వైపులా గైడు ముక్కలు నిలబెట్టారు. జేబులోంచి సుద్దముక్క తీసి ప్రతి షూ మీద ఒక గీత, దాని కింద ప్లేటు మీద దానికెదురుగా ఇంకో గీత గీశారు. ఇంజను వేడెక్కాక నిచ్చెనెక్కి చూడమన్నారు. బిగించిన చోటికి దగ్గర గీత చిటికెనవేలంత జరిగింది. దూరంగా ఉన్నది రెండు వేళ్లకు పైన. నాలుగు గంటలు చల్లార్చి చూస్తే గీతలన్నీ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఆ తర్వాత ఏ సైటుకి వెళ్లినా నా జేబులో సుద్దముక్క ఉంది. మీరూ పెట్టుకోండి. వాట్సాప్‌లో ఫోటో పంపడం కాదు, సుద్దగీత గీయండి!

ఎంతసేపైంది? సరే, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగతా మూడూ పరుగున చెప్పేస్తాను.

గోడ దాటేచోట పైపు కంటే పెద్ద స్లీవ్, అంటే తొడుగు గొట్టం, పెట్టి, మధ్య సందులో రాక్‌వుల్ కూరుతాం. మనం అటు తిరిగేలోపు ఎవరో ఒక శుభ్రమైన మనిషి వచ్చి సందు వికారంగా ఉందని సిమెంటు మెత్తేస్తాడు. దాంతో మనం ఎక్కడా గీయని బిగింపు ఒకటి గోడలో పుట్టుకొస్తుంది. గోడా పగులుతుంది, నింద పైపు వాడి మీదా పడుతుంది. ఈ విషయంలో నేను ఎంతమందితో పోట్లాడానో లెక్క లేదు.

వేడి పైపుకి గాల్వనైజు క్లాంపు నేరుగా తగిలించకండి. తుప్పు పట్టదు కదా అంటారు. దాని మీది జింకు పూత 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పైపు అంతకంటే వేడిగా ఉంటే ఏమవుతుందో మీరే చెప్పండి. ప్లాస్టిక్ ప్లగ్గుల సంగతి ఇక నేను మాట్లాడను. యాంకర్ రంధ్రంలో డ్రిల్లు పొడి ఊదకుండా బోల్టు దిగ్గొట్టే మిత్రులతో కూడా మాట్లాడను. డాబా మీద పైపు మీటరున్నర దాటి లేస్తే పక్కల నుంచి లాగి పట్టే స్టేలు కట్టండి, గాలికి ఊగి కింద జాయింట్లన్నీ వదులవుతాయి.

ఇక చివరిది. నిజానికి దీనితోనే మొదలుపెట్టాల్సింది. నా పొగ నల్లగా ఉంది, కంపు కొట్టింది, కాబట్టి అందరం పరిగెత్తాం. గ్యాస్ బాయిలర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా నెత్తురుని పట్టుకుంటుంది. ఫాల్స్ సీలింగ్ లోపల ఒక్క హ్యాంగరు ఊడి, పైపు ఇంత కుంగి, జాయింటు వేలెడు తెరుచుకుంటే చాలు, కింద నిద్రపోయేవాళ్లకి తెలియదు. కండెన్సింగ్ బాయిలర్ అయితే పొగలోంచి నీళ్లు దిగుతాయి, పైపు బాయిలర్ వైపు వాలుండాలి. మూడు డిగ్రీలు, అంటే మీటరుకి 50 మిల్లీమీటర్ల చొప్పున. మధ్యలో కుంగితే అక్కడ మడుగు కడుతుంది, పొగకి దారి మూసుకుపోతుంది. అందుకే ప్రతి మీటరుకీ ఒక బ్రాకెట్టు, ప్రతి జాయింటు కిందా చెయ్యి పట్టేంత తలుపు. సీలింగ్ వేసేవాళ్లు ఆ తలుపు వద్దంటే పని ఆపండి. పని ఆపండి అంటున్నాను, ఉత్తరం రాయమనట్లేదు.

ఆ వస్తువు ఎక్కడిదాకా వచ్చింది? చివరి వరుసలో ఉందా? బాబూ, పైకెత్తి చూపించు. అదే ఆ పసుపు కడ్డీ. రంగు మాడింది, అంచున కాస్త మిగిలింది చూడండి. ఆ వంపు చూశారా, విల్లులా? నేను వంచలేదు, ఎవరూ వంచలేదు. ఇంటికి తీసుకెళ్లకండి, నాకది మళ్లీ కావాలి.