చెరువు గట్టు మీద జనరేటర్, పక్కింటి మీద మసి
(ఫోన్-ఇన్ కార్యక్రమం: శ్రోతల ప్రశ్నలకు ఇంజినీరు సమాధానాలు)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఎండలు ముదిరాయి, కరెంటు కోతలూ మొదలయ్యాయి. భీమవరం నుంచి నరసాపురం దాకా రొయ్యల చెరువు ఉన్న గట్టు మీదల్లా జనరేటర్ షెడ్డు కనిపిస్తోంది. వాటి పొగ గురించి, చప్పుడు గురించి, ప్రభుత్వ నిబంధనల గురించి మీ ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి డీజిల్ ఇంజిన్ల పనిలో ఆరితేరిన ఇంజినీరు గారు వచ్చారు. మొదటి ఫోను ఉండి మండలం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నాకు ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. పాత జనరేటర్ ఒకటి కొన్నాను, 62.5 కేవీఏ. తెల్లవారుజామున పొగ నల్లగా చిమ్ముతోందండి. ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని పక్కింటివాళ్లు పంచాయతీలో చెప్పారు. ఆపుదామంటే నాకు కుదరదు. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది.

ఇంజినీరు: ఆపమని నేనూ చెప్పనండీ. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామునే అన్నిటికన్నా తగ్గుతుంది, మీ భయంలో న్యాయం ఉంది. కానీ ఆ మసి పీల్చేది పక్కింటి పిల్లలు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. కాబట్టి ఇద్దరి బాధా తీరే దారి చూద్దాం. ఏరేటర్లు ఎన్ని?

శ్రోత: రెండు హెచ్‌పీవి, పది ఉన్నాయండి. రాత్రి పదింటికి మూడే తిప్పుతాం. తెల్లవారుజామున మూడు దాటాక అన్నీ వేస్తాం.

ఇంజినీరు: మీ పొగ రహస్యం అందులోనే ఉంది. 62.5 కేవీఏ సెట్టు సుమారు 50 కిలోవాట్ల కరెంటు ఇస్తుంది. మూడు ఏరేటర్లకు కావలసింది ఐదు కిలోవాట్లకు అటూ ఇటూ. పదోవంతు లోడు మీద గంటల తరబడి తిరిగితే సిలిండరు సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. కాలని నూనె, మసి సైలెన్సర్లో, గొట్టంలో పేరుకుంటాయి. మూడు గంటలకు లోడు ఒక్కసారిగా పెరిగేసరికి ఆ పేరుకున్నదంతా బయటికి ఎగజిమ్ముతుంది. పక్కింటివాళ్ల బట్టల మీద పడుతున్నది అదే.

శ్రోత: అయితే చిన్నది కొనాల్సిందా అండీ? షాపువాళ్లు మోటార్లు ఒక్కసారిగా ఎత్తుకోవాలంటే ఇంత కావాలన్నారు.

ఇంజినీరు: ఒక్కసారిగా వేస్తే వాళ్లన్నది నిజమే. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక్కొక్కటిగా, కొన్ని సెకన్ల తేడాతో వేసుకుంటే ఇందులో దాదాపు సగం సెట్టు సరిపోతుంది. ఉన్నదానితోనే నడపాలంటే లోడు కనీసం మూడోవంతు ఉండేలా చూసుకోండి. పక్క చెరువు రైతుతో మాట్లాడుకుని ఒకే సెట్టు మీద ఇద్దరి ఏరేటర్లూ తిప్పుకున్నా మంచిదే. అయితే వైరింగు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?

శ్రోత: కొన్నాక మార్చలేదండీ.

ఇంజినీరు: రేపే మార్చండి. గాలి చాలకపోయినా పొగ నల్లగానే వస్తుంది. ఇంజెక్టర్ నాజిళ్లు విప్పించి పరీక్ష చేయించండి. పొగ నీలంగా కనబడితే ఇంజిన్ ఆయిలు కాలుతున్నట్టు, అది పిస్టన్ రింగుల పని. ఇక పొగగొట్టం. అది ఎంత ఎత్తులో ఉంది?

శ్రోత: షెడ్డు గోడలోంచి పక్కకు తీశామండీ. మనిషి ఎత్తులో ఉంటుంది.

ఇంజినీరు: పక్కింటి వైపుకేనా?

శ్రోత: ...అవునండీ.

ఇంజినీరు: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీనికి ఒక లెక్క ఇచ్చింది. సెట్టు ఉన్న కట్టడం ఎత్తుకు, కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణించి వచ్చిన మీటర్లు కలపాలి. 62.5కు వర్గమూలం దాదాపు 7.9. అంటే షెడ్డు మీద ఇంకో 1.6 మీటర్లు. మీ షెడ్డు మూడు మీటర్లుంటే గొట్టం నేల నుంచి 4.6 మీటర్లు లేవాలి. అది కనీసం. పక్కిల్లు డాబా అయితే వాళ్ల పై కిటికీ దాటేదాకా లేపండి. నాలుగు ఇనుప గొట్టాలకయ్యే ఖర్చుతో తీరే తగవు పంచాయతీ దాకా వెళ్లడం నాకు బాధగా ఉంది. వంపులు తక్కువగా, గొట్టం కాస్త వెడల్పుగా పెట్టించండి. ఇరుకు గొట్టమైతే పొగ వెనక్కి తన్ని ఇంజిన్ ఇంకా మసి కక్కుతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను పాలకొల్లు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఇంటి పక్కన కల్యాణ మండపం ఉంది. ముహూర్తాల రోజుల్లో జనరేటర్ మోతకు మా మామగారికి నిద్ర ఉండదు. చప్పుడు తగ్గించే పెట్టె లేకుండా బయటే నడుపుతారు. అడిగితే పాత సెట్టుకు నిబంధనలు లేవంటున్నారు.

ఇంజినీరు: అది తప్పమ్మా. 2005 జనవరి 1 తర్వాత తయారైన వెయ్యి కేవీఏ లోపు డీజిల్ సెట్టు ఏదైనా పెట్టెతో సహా రావాలి. ఆ పెట్టెకు ఒక మీటరు దూరంలో చప్పుడు 75 డెసిబెల్స్ దాటకూడదు. అంతకు ముందు సెట్టయితే, 25 డెసిబెల్స్ తగ్గించే పెట్టెనో గదినో యజమానే కట్టించాలి. ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. తేదీ, సమయం రాసుకుని, ఫోన్లో వీడియో తీసి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మునిసిపాలిటీకీ ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

వ్యాఖ్యాత: నరసాపురం నుంచి ఐసు ఫ్యాక్టరీ నడిపే ఒకరు లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే సార్. 125 కేవీఏ కొత్తది కొనాలనుకుంటున్నాను. ఒకాయన పాత ప్రమాణాల సెట్టు, అసలు వాడనిది, బాగా తక్కువకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

ఇంజినీరు: వద్దండి. జనరేటర్ పొగ మీద కొత్త ప్రమాణాలు 2022 నవంబరులో వచ్చి 2023 జూలై 1 నుంచి అమలయ్యాయి. అప్పటికే తయారైన పాత సరుకు అమ్ముకోవడానికి 2024 జూన్ నెలాఖరు దాకా వెసులుబాటు ఇచ్చారు. అదీ అయిపోయింది. మీ స్థాయి ఇంజిన్‌కు 2014 ప్రమాణాల్లో యూనిట్ కరెంటుకు 0.2 గ్రాముల మసి దాకా అనుమతించేవారు. ఇప్పుడు 0.02 గ్రాములే, అంటే పదోవంతు. పొగలోని హానికరమైన నత్రజని ఆక్సైడ్ వాయువుల హద్దు 0.4 గ్రాములకు దించారు. పల్లెలో పిల్లల ఊపిరితిత్తులకు ఇది ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేను. కొనేటప్పుడు ఇంజిన్ మీద ప్లేటు చూడండి. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు 1986కు లోబడి ఉందన్న వాక్యం, ఆమోద పత్రం నంబరు ఉండాలి. ఇంకో సంగతి, కొత్త హద్దులు కేవీఏని బట్టి కాదు, ఇంజిన్ కిలోవాట్లను బట్టి మారతాయి. 56 కిలోవాట్లు దాటితే హద్దు బాగా బిగుస్తుంది. ఇందాకటి రైతుగారి 62.5 కేవీఏ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది. అలాంటిది కొనేవాళ్లు ఇంజిన్ కిలోవాట్లు అడిగి తెలుసుకోవాలి.

శ్రోత: ఆ కొత్తవాటిలో యూరియా నీళ్లు పోయాలట కదండీ. మాకు పొలం ఉంది, యూరియా బస్తాలున్నాయి. కలుపుకోవచ్చా?

ఇంజినీరు: పొరపాటున కూడా ఆ పని చేయకండి! ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా ఉంటుంది. ఆ యూరియా చాలా స్వచ్ఛమైనది, నీళ్లూ ఖనిజాలు తీసేసినవి. అది పొగలో పడి నత్రజని ఆక్సైడ్ వాయువులను మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఎరువు యూరియాలోని మలినాలు, మన బోరు నీటిలోని ఉప్పు చేరితే లోపలి జల్లెడలాంటి భాగం పూడుకుపోతుంది. దాన్ని మార్చాలంటే మీరు ఈ బేరంలో మిగుల్చుకుందామనుకున్నదంతా పోతుంది. సీలు తీయని డబ్బాలే కొనండి, ఎండలో పెట్టకండి.

వ్యాఖ్యాత: చివరి ఫోను అమలాపురం దగ్గరి నుంచి.

శ్రోత: నమస్కారం సార్. నాకు కిరాణా షాపు ఉంది. తుపాను వస్తే మాకు రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. చిన్న పెట్రోలు జనరేటర్ కొన్నాను. దొంగల భయానికి షాపు లోపలే పెట్టి, షట్టరు సగం తెరిచి నడుపుతాను. వెనక గదిలో నేనూ మా అబ్బాయీ పడుకుంటాం. పొగ అసలు కనబడదండీ.

ఇంజినీరు: బాబూ, దయచేసి ఇక ఒక్క రాత్రి కూడా అలా నడపవద్దు. కనబడే పొగకన్నా కనబడనిదే ప్రమాదం. పెట్రోలు ఇంజిన్ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. షట్టరు సగం కాదు, పూర్తిగా తెరిచినా చాలదు.

శ్రోత: మా అబ్బాయి పొద్దున్నే తల బరువుగా ఉందన్నాడు సార్, పోయిన తుపాన్లో.

ఇంజినీరు: అంటే లోపలికి ఆ గాలి చేరిందనే అనుకోవాలి. మళ్లీ ఎప్పుడైనా అలా అనిపిస్తే ముందు అందరూ బయటికి రండి, ఆ తర్వాత 108కు ఫోను చేయండి. సెట్టు ఆపడానికి లోపలికి వెళ్లకండి. దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ వచ్చే వైపు కిటికీలకూ తలుపులకూ ఎదురుగా లేకుండా పెట్టాలి.

శ్రోత: వానలో తడిసిపోదా అండీ?

ఇంజినీరు: నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల పందిరి వేయండి, గోడలు కట్టకండి. కింద రెండు అడుగుల దిమ్మ కడితే నీరు నిలిచినా మునగదు. దొంగల భయానికి దిమ్మలో ఇనుప కొక్కెం దింపి గొలుసుతో తాళం వేయండి. తుపాను గాలి మరీ ఎక్కువగా ఉన్న గంటల్లో సెట్టు ఆపేసి టార్చిలైటుతో సరిపెట్టుకోండి.