అన్నాంబిక చందుపట్ల వచ్చిన రోజు

శ్రోతలకు నమస్కారం.

అడివి బాపిరాజు గారు కాకతీయ రుద్రమదేవి కాలం మీద రాసిన ‘గోన గన్నారెడ్డి’ నవలకు ఇప్పటికీ అభిమానులున్నారు. ఎక్కువమంది లేరు. కానీ ఆ ఉన్న కొద్దిమందీ నవల మూసేసి ఊరుకునే రకం కాదు. ఆ పాత్రలతోనే సొంతంగా కథలు అల్లుతారు. ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు చూడండి, అదే. మన హైదరాబాదులో ఈ కథలు ఫోన్లలో, అప్పుడప్పుడు జిరాక్సు కాగితాల మీద చేతులు మారుతుంటాయి. బాపిరాజు గారు కూడా 1940లలో ఈ ఊళ్ళోనే మీజాన్ పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. కాబట్టి ఇది మన ఇంటి వ్యవహారమే.

వీటిలో చాలా కథల నిండా గన్నారెడ్డి గుర్రం, గన్నారెడ్డి కత్తి, గన్నారెడ్డి మీసం. చదువుతున్నంతసేపూ బాగుంటాయి, మర్నాటికి గుర్తుండవు. నాకు గుర్తుండిపోయిన కథలో గన్నారెడ్డి అసలు కనిపించడు.

అది చందుపట్లలో జరుగుతుంది. నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గరి ఊరు. అక్కడి శాసనం నిజమైనది, 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడనీ అందులో ఉంది. ఎలా పోయారో లేదు. ఆమె మీద తిరగబడ్డ కాయస్థ నాయకుడు అంబదేవుడితో యుద్ధంలోనే అని చరిత్రకారులు చాలామంది అంటారు. రాయి మాత్రం చెప్పదు.

రాయి చెప్పని చోటే ఈ రచయిత్రి కథ మొదలుపెట్టారు.

ఒక కుర్ర శిల్పి ఆ శాసనం చెక్కుతుంటాడు. తల నెరిసిన ఒకావిడ వచ్చి చెట్టు కింద కూర్చుంటుంది. ‘నాయనా, ఏం రాస్తున్నావో చదివి వినిపించు’ అంటుంది. వాడు చదువుతాడు. మళ్ళీ చదవమంటుంది. మళ్ళీ చదువుతాడు. ఆమె అన్నాంబిక అని, అంటే నవలలో రుద్రమకు ఆప్తురాలైన, గన్నారెడ్డిని పెళ్ళాడే పిల్ల అని మనకు తెలుస్తుంది, వాడికి తెలియదు. ఆమెకు చదువొచ్చు. రుద్రమ పేరు ఇంకొకరి నోట వినాలని వచ్చింది, అంతే.

మూడోసారి చదివాక వాడికి అనుమానం వస్తుంది. ‘అవ్వా, నువ్వు ఆ మహారాణిని చూశావా? ఎట్లా పోయిందో తెలుసా?’ అంటాడు. ఆమె చెప్పడం మొదలుపెడుతుంది. రుద్రమకు నవ్వొస్తే ముందు కళ్ళు మూతపడేవట. కోపం వస్తే గొంతు తగ్గేదట. ఎండలో తిరిగొస్తే ముందు గుర్రానికి నీళ్ళు పెట్టించి, తర్వాతే తాను తాగేదట. వాడు యుద్ధం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. మనమూ చూస్తుంటాం. యుద్ధం రాదు. పొద్దు వాలుతుంది, ఆమె లేచి వెళ్ళిపోతుంది. వాడు ఉలి అందుకుని, ముమ్మడి రాసిచ్చిన మాటలే, ఒక్క అక్షరం కలపకుండా చెక్కుతాడు.

ఇంకొకరైతే ఇక్కడ నెత్తురు పారించేవారు. యుద్ధం తెలిసిన మనిషి చేతే యుద్ధం మాట ఎత్తనివ్వకపోవడం నాకు మహా నచ్చింది. నవల చదవనివాళ్ళకు కూడా ఈ కథ ఆనుతుంది. చదివినవాళ్ళకైతే ఆ పడుచుపిల్ల అన్నాంబికను ఇలా నెరిసిన తలతో చూడటం కాస్త కష్టంగా ఉంటుంది.

రాయాలన్న సరదా ఉన్నవాళ్ళకు ఒక్క మాట. బాపిరాజు గారు 1952లో పోయారు, అరవై ఏళ్ళ కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది. ఆ భయం అక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఇలాంటి కథలు ఫోన్లలో తిరిగి తిరిగి చివరికి చరిత్ర అయిపోతాయి. ‘రుద్రమదేవి గురించి మీకు తెలియని నిజం’ అని పేరు మార్చుకుని మనకే తిరిగొస్తాయి. అందుకే ఈ రచయిత్రి కథకు ముందు మూడు ముక్కలు రాశారు: శాసనం నిజం, అన్నాంబిక బాపిరాజు గారిది, చెట్టు కింద మాటలు నావి.

మీరూ అలా రాయండి. విడిగా బొమ్మలో పెట్టకండి, పంపేటప్పుడు దాన్ని వదిలేస్తారు. కథ మొదటి పేరాలోనే, కథతో పాటే వెళ్ళేలా రాయండి.

సెలవు.