లొడలొడ ఎక్కడిది? పాత జీపు స్టీరింగు ఆటను వెతికి పట్టుకోవడం

[దృశ్యం: రావులపాలెం దగ్గర కాలువ గట్టు. జీపు నెమ్మదిగా వస్తోంది. కెమెరా ముందు చక్రం పక్కన ఉంది.]

విన్నారా? గుంతలోకి దిగినప్పుడు ఒక ‘టక్’, ఎక్కినప్పుడు ఇంకొకటి. ఇప్పుడు నా చేతులు చూడండి. స్టీరింగును మూడు వేళ్ల వెడల్పు తిప్పాను. చక్రానికి ఆ కబురు ఇంకా అందలేదు. ఈ ఖాళీ తిరుగుడునే ‘ఆట’ అంటాం.

నమస్కారం. ముందు ఇరుసు అటూ ఇటూ ఒకే దూలంలా ఉండి, నాలుగు మూలలా కమాను కట్టల మీద కూర్చునే పాత తరం జీపు ఇది. 1941లో అమెరికా సైన్యానికి వచ్చిన విల్లీస్ జీపుకు మనవడి వరస. పవర్ స్టీరింగు లేదు. ఇలాంటి బండి లొడలొడలాడుతుంటే చాలామంది చేసే పని ఒకటుంది. షెడ్డుకు తీసుకెళ్లి ‘ఏవి పోయాయో అన్నీ మార్చెయ్యండి’ అంటారు. డబ్బు పోతుంది, శబ్దం ఉంటుంది. ఏది కదులుతోందో కళ్లతో చూడకుండా పానా పట్టుకోకండి. ఈ రోజు ఆ చూడడమే చేద్దాం.

[దృశ్యం: ఇంటి ముందు సిమెంటు కళ్లం. జీపు నిలిపి ఉంది.]

కొండ ప్రాంతంలో జీపును రాళ్లు కొడతాయి. ధవళేశ్వరం దిగువన మనకు రాళ్లెక్కడివి? మన బండిని నీళ్లు తింటాయి. వరద రోజుల్లో లంక కాజ్‌వే దాటిస్తాం, చేపల చెరువు గట్ల మీద తిప్పుతాం. స్టీరింగు కీళ్ల మీద ఉండే రబ్బరు టోపీ చిన్నగా చిరిగినా చాలు, ఒండ్రు లోపలికి చేరుతుంది. ఒండ్రూ గ్రీసూ కలిస్తే అది గ్రీసు కాదు, సాన పట్టే ముద్ద. సముద్రం వైపు ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండికి తుప్పు అదనం. అందుకే మీటరు మీద కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని ధీమా పడకండి.

మొదట బండి ఖాళీ చేయండి. జాకీ, గొలుసు, పలుగు, సీటు కింద ఎప్పటివో కొబ్బరికాయలు, అన్నీ కిందకు దించండి. నవ్వకండి. ఒకసారి వారం రోజులు నేను వెతికిన శబ్దం సీటు కింద ఉన్న జాకీ పిడిది.

తరువాత చక్రాల నట్ల బిగువు చూడండి. కొన్ని పాత జీపుల్లో ఎడమ వైపు నట్లకు మర తిరగేసి ఉంటుంది. బిగిస్తున్నామనుకుని విప్పేస్తారు, జాగ్రత్త.

[దృశ్యం: మేనల్లుడు డ్రైవర్ సీటులో. నేను బంపర్ కింద, టార్చ్ లైటుతో.]

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచాలి. జాకీ ఎత్తకూడదు. చక్రం నేలను పట్టుకుని ఉంటేనే కీళ్ల మీద బరువు పడుతుంది, అరిగినది దాచుకోలేదు. పైన ఉన్న మనిషి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. పూర్తిగా తిప్పనక్కరలేదు, చక్రం కదలబోయే చోటు దాకా చాలు.

“మామయ్యా, ఎంతసేపు ఆడించాలి?”

“నేను ఆపమనే దాకా.”

ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. పై నుంచి కిందికి వరసగా రండి. స్టీరింగు రాడ్డు తిరిగిన వెంటనే స్టీరింగు బాక్సు, అంటే ఆ రాడ్డు చివరి పళ్ల పెట్టె, దాని కింద చేతిలా ఉన్న పిట్‌మన్ ఆర్మ్ కదులుతోందా? రాడ్డు తిరిగాక ఆర్మ్ ఆలస్యంగా కదిలితే ఆట బాక్సు లోపల ఉంది. బాక్సే ఛాసిస్ మీద ఊగుతుంటే దాని బోల్టులు వదులయ్యాయి, లేదా అక్కడ ఛాసిస్ బీటలు వేసింది. తుప్పు పట్టిన బండిలో ఆ బీట మట్టి పొర కింద దాక్కుంటుంది. తడిగుడ్డతో తుడిచి చూడండి. బీట కనిపిస్తే ఇక బండి నడపకండి, ముందు వెల్డింగు.

ఆర్మ్ నుంచి కదలికను ముందుకు మోసే డ్రాగ్ లింకు, అక్కడి నుంచి రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు. కొన్ని పాత నమూనాల్లో మధ్యలో బెల్ క్రాంక్ అనే, ఒక పిన్ను మీద తిరిగే మీట ఉంటుంది. అది ఉన్న బండిలో దాన్నే ముందుగా అనుమానించండి. ప్రతి కీలు మీదా చెయ్యి వేసి ఉంచండి. కంటికి కనపడనిది వేలికి తెలుస్తుంది. ఇదిగో, ఇక్కడ చూడండి.

[దగ్గరి దృశ్యం: ఎడమ టై రాడ్ ఎండ్. రాడ్డు కదులుతోంది, బాల్ జాయింటు గుండు కదలడం లేదు.]

రాడ్డు జరుగుతోంది, లోపలి గుండు మాత్రం ఉన్న చోటే ఉంది. టోపీ చిరిగి బురద గట్టిపడింది. మూడు వేళ్ల ఆటలో సగం ఇక్కడే పోతోంది. ఈ కీలు మారుస్తాం. కొత్తది వేశాక నట్టు వదలకుండా పట్టుకునే స్ప్లిట్ పిన్ను తప్పక పెట్టాలి. పాత పిన్నే మళ్లీ వంచి పెట్టేవారిని చూశాను. కొత్త పిన్ను ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

[దృశ్యం: ముందు చక్రం జాకీ మీద. కింద చెక్క పలక. పక్కన స్టాండు.]

ఇప్పుడు చక్రం ఎత్తుదాం. మన నేల మెత్తన, జాకీ దిగబడుతుంది. కింద మందపాటి పలక వేయండి, ఇరుసు కింద స్టాండు పెట్టండి. జాకీని నమ్మి కింద దూరకండి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లాగి తోయండి. కదిలితే అనుమానం రెండింటి మీద: చక్రం బేరింగు, లేదా చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ను. ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఆడించండి. ఆట ఆగిపోతే బేరింగు. ఇంకా ఉంటే కింగ్ పిన్ను. పక్కల పట్టుకుని ఆడిస్తే కదిలింది అంటే టై రాడ్డు వైపు చూడాలి. పాత జీపు ముందు ఇరుసు చివర్లలో గుండ్రటి గిన్నెలాంటి గూడు ఉంటుంది. కింగ్ పిన్ బేరింగులు దానిలోనే. సీలు పోతే వరద నీళ్లు సరాసరి అక్కడికే చేరతాయి. బేరింగు బాగుంటే పల్చటి షిమ్ రేకులు తగ్గించి బిగువు సరిచేయవచ్చు. ఇది ఇంట్లో చేసే పని కాదు, తెలిసిన మెకానిక్కుకు వదిలేయండి.

వేగంలో చక్రాలు ఒక్కసారిగా వణికిపోయే జబ్బు కూడా చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. 216 జాతీయ రహదారి మీద గుంత తగలగానే స్టీరింగు చేతుల్లో గడగడలాడితే గట్టిగా బ్రేకు కొట్టకండి. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, వేగం తగ్గనివ్వండి. స్టీరింగు కుదుపును పీల్చుకునే డాంపరు కొత్తది వేస్తే వణుకు తగ్గినట్టు ఉంటుంది. జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే అది, జ్వరం లోపలే ఉంటుంది.

ఇక ఆ ‘టక్’ సంగతి. శబ్దం ఎక్కడ వినబడుతోందని కాదు, ఎప్పుడు వస్తోందని అడగండి. ఛాసిస్ ఇనుము శబ్దాన్ని మోసుకుపోతుంది, వెనక కొట్టినది ముందు వినిపిస్తుంది. గేరు వేసి క్లచ్ వదలగానే, యాక్సిలరేటరు వదిలి మళ్లీ తొక్కగానే వస్తే ఇరుసుకు ఇంజను శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు, అంటే క్రాసులు చూడండి. బ్రేకు వేసినప్పుడు వస్తే కమానును ఇరుసుకు కట్టే యు బోల్టులు, కమాను ముందు వెనక చివర్ల బుష్షులు (కీలు లోపలి గొట్టాలు). గుంతల్లో మాత్రమే వస్తే షాకిల్ (కమాను చివర ఊగే లంకె) బుష్షులు, షాక్ అబ్జార్బర్ల రబ్బర్లు. మనది మూడోది. కమాను చివర షాకిల్ దగ్గర పలుగు పెట్టి మీటాను, అగ్గిపుల్ల పట్టేంత సందు వచ్చింది.

[దృశ్యం: స్టీరింగు బాక్సు మీద లాక్ నట్టు, మధ్యలో స్క్రూ.]

అన్నీ చూశాక చివరగా ఇది. ఈ స్క్రూ తిప్పితే బాక్సు లోపలి ఆట తగ్గుతుంది. అందరి చెయ్యీ ముందుగా దీని మీదకే పోతుంది, ఎందుకంటే ఖర్చు లేదు. నేనూ ఒకసారి దీన్ని బాగా బిగించి, ఎంత చక్కగా ఉందోనని మురిసిపోయాను. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట వెనక్కి రాలేదు. కాలువకు రెండు మూరల దూరంలో ఆగాను. బిగువైతే లోపలి పళ్లు కూడా త్వరగా అరుగుతాయి. చక్రాలు నేరుగా ఉంచి, పావు చుట్టు కన్నా తక్కువ తిప్పి, ఇటూ అటూ చివరిదాకా తిప్పి చూసుకోవాలి. ఎక్కడైనా పట్టేసినట్టు ఉంటే వెనక్కి వదలండి.

[దృశ్యం: మళ్లీ కాలువ గట్టు. కొత్త టై రాడ్ ఎండ్, కొత్త షాకిల్ బుష్షులు వేశాక.]

అదే గుంత. టక్ లేదు. స్టీరింగు ఆట టేపుతో కొలిచాం, అంగుళానికి కొంచెం పైన ఉంది. ఈ వయసు బండికి నాకది చాలు, బాక్సు స్క్రూ ముట్టుకోను. వంద కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. నీళ్లు దాటిన రోజు ఇంటికి రాగానే గ్రీసు ఎక్కించే నిపుల్స్‌కు గ్రీసు కొట్టాలి, పాత గ్రీసు బురదతో సహా బయటకు వచ్చేదాకా.