కొడుకు ఆస్తిలో జేజికి వాటా ఉందా? క్రైస్తవ కుటుంబాలు, వీలునామా

[తెర మీద: అరుగు మీద కూర్చున్న ముసలమ్మ]

అందరికీ వందనాలు. మాది కడప జిల్లా జమ్మలమడుగు. క్యాంప్‌బెల్ ఆసుపత్రి దగ్గర్లోనే పెరిగాను.

మా చిన్నాయన పోయినప్పుడు, ఆదరణ కూడిక అయ్యాక అందరూ భోంచేస్తున్నారు. ఎవరో మా జేజితో, అంటే నాయనమ్మతో, అన్నారు: "నీకేం భయంలేదమ్మా, కొడుకు ఆస్తిలో నీకూ ఒక వాటా వస్తుంది." జేజి నమ్మింది. మేమూ నమ్మాం. తర్వాత వకీలు చెప్తే తెలిసింది. ఆ మాట హిందూ కుటుంబాలకు నిజమే, మాకు కాదు.

మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా మనిషి పోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. భార్య పోతే భర్తకూ ఇదే లెక్క.

[తెర మీద: 9 ఎకరాల పొలం. భార్యకు 3. ముగ్గురు పిల్లలకు తలా 2. తల్లికి 0.]

ఆ సున్నాను ఒకసారి చూడండి. పిల్లలున్న మనిషి పోతే తల్లికి సెంటు భూమి కూడా రాదు. పిల్లలే లేకుంటే సగం భార్యకు, సగం తండ్రికి. తండ్రి లేకుంటేనే ఆ సగంలో తల్లి, తోబుట్టువులు సమానంగా పంచుకుంటారు. మా చిన్నమ్మ మంచి మనిషి, జేజిని కడుపులో పెట్టుకుని చూసుకుంది. అయినా జేజి మాత్రం "పరాయి ఇంట్లో ఉన్నట్టుంది" అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక కూతుళ్ల సంగతి. "పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా" అంటారు. చట్టం ఒప్పుకోదు. పెళ్లికి ముందుగా ఎంత ఇచ్చినా, వీలునామా లేనప్పుడు ఆమె వాటాలో అది తగ్గించరు. బైబిల్లో సెలోపెహాదు కుమార్తెలు మోషే ముందు నిలబడి తండ్రి భాగం అడిగిన సంగతి సండే స్కూల్లోనే నేర్చుకుంటాం. మన ఇంట్లో ఆడపిల్ల అడిగితే మాత్రం ముఖం తిప్పుకుంటాం.

"తాత ఆస్తి కాబట్టి పుట్టగానే నాకు హక్కు" అనే కొడుకులూ ఉన్నారు. క్రైస్తవులకు అలాంటి పుట్టుక హక్కు లేదు. తండ్రికి వచ్చిన ఆస్తి తండ్రిదే, ఎవరికి రాయాలో ఆయన ఇష్టం. చర్చికి రాయాలన్నా రాయొచ్చు. దానికి అడ్డుగా ఉన్న, ఇదే చట్టంలోని 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లో కొట్టేసింది.

[తెర మీద: తెల్ల కాగితం, పెన్ను]

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గొడవలొచ్చే ఇల్లయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి చేయించుకోవడమే మేలు. రాసిన మనిషి సంతకం, చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

సాక్షుల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇంట్లో ఉంది కదా అని కోడలితో సాక్షి సంతకం పెట్టిస్తారు. వీలునామా నిలుస్తుంది, కానీ అందులో కొడుకుకు రాసింది చెల్లదు. సాక్షికి గానీ, సాక్షి భార్యకు, భర్తకు గానీ రాసిన ఆస్తి పోతుంది. అందుకే ఏమీ రానివాళ్లను పిలవండి.

ఇంకోటి. వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే పాత వీలునామా రద్దయిపోతుంది. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మొదటి భార్య పిల్లలకు రాసింది కూడా దాంతో పోతుంది, మళ్లీ కొత్తగా రాయాల్సిందే.

మన వైపు పేర్ల తిప్పలు ఎక్కువ. పాస్‌బుక్‌లో ఓబులేసు, ఆధార్‌లో శామ్యూల్ అనుకోండి. "ఓబులేసు అలియాస్ శామ్యూల్" అని వీలునామాలోనే రాయించండి. లేదంటే ఇద్దరూ ఒకరే అని చెప్పుకుంటూ పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బ్యాంకులో నామినీ పేరుంది కదా అని ధీమా వద్దు. నామినీ డబ్బు తీసుకుంటాడు, అంతమాత్రాన అది అతని సొంతం కాదు. వారసులకు ఇవ్వాలి.

అసలు కష్టం ఇంట్లో మాట ఎత్తడం. "నా చావు కోసం చూస్తున్నారా?" అని పెద్దాయన కోప్పడతాడని టెన్షన్. నేను నాయనను "నాకేం రాస్తావు" అని అడగలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు, "నాయనా, జేజికేం రాస్తావు?" అన్నాను. నాయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనుండగా అమ్మకేమవుతుంది?" అన్నాడు. "చిన్నాయన కూడా ఉన్నాడు కదా నాయనా" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు సంఘ పెద్దలు ఇంటికొచ్చి సాక్షి సంతకాలు చేశారు. పొలం మాకూ మా అమ్మకూ. తూర్పు వైపు గది, వంటింటి వాడకం, ఏటా నాలుగు మూటల వడ్లు జేజికి, ఆమె బతికినంత కాలం. ఎవరూ లేపడానికి లేదు.

[తెర మీద: తూర్పు గది కిటికీ, మంచం మీద జేజి]

జేజికి చదువు రాదు. నాయన ఆ రెండు వాక్యాలు ఆమెకు మూడుసార్లు చదివి వినిపించాడు.