ఎదురెదురు కోటలు, నడుమ ఒక నది

(నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోన్ నదీలోయ గురించి స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: తులూజ్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చిన ఇంజనీరు, మధ్యయుగ చరిత్ర అధ్యాపకురాలు, పాత కట్టడాల మరమ్మతుల్లో అనుభవమున్న ఆర్కిటెక్టు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఫ్రాన్స్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది పారిస్‌లో మూడు రోజులు తిరిగి, ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి విమానం ఎక్కేస్తారు. ఈ రోజు మనం పారిస్ జోలికి వెళ్లడం లేదు. ఇంజనీరు గారూ, ఈ దోర్దోన్ లోయకు మీరు మొదటిసారి ఎందుకు వెళ్లారు? కోటలు చూడటానికేనా?

ఇంజనీరు: అరటి చెట్టు చూడటానికండీ. (నవ్వులు) నిజంగానే. ఆఫీసులో ఇంకో తెలుగాయన ఉండేవారు. అక్కడొక ఊళ్లో ఇళ్ల మధ్య అరటి చెట్లు ఉన్నాయని ఆయన చెబితే నేను నమ్మలేదు. పందెం కట్టి మరీ వెళ్లాను. లా రోక్ గజాక్ అని ఊరు. వెనక నిట్టనిలువుగా సున్నపురాతి కొండ, ముందు నది, ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఇళ్లు. ఇళ్లు కూడా ఆ కొండ రంగే, తేనె రంగు. కొండ దక్షిణానికి తిరిగి ఉంటుంది. పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని వదులుతుంది, ఉత్తరపు చలిగాలిని ఇటు రానివ్వదు. అందుకే ఆ సందుల్లో అరటి, వెదురు, ఈత జాతి చెట్లు బతికేస్తున్నాయి. మా ఆవిడ అయితే ఆకు కోసుకుని అందులోనే భోంచేద్దామంది.

అధ్యాపకురాలు: ఆ కొండ చలి నుంచి కాపాడుతుంది కానీ, మనుషుల్నీ తీసుకుంది. 1957 జనవరిలో పెద్ద బండ విరిగి ఇళ్ల మీద పడింది. ముగ్గురు చనిపోయారు. ఫొటోల్లో ఆ ఊరు చూసి అందరూ ఆహా అంటారు గానీ, అక్కడ కాపురం ఉన్నవాళ్లు తల పైకెత్తి చూసే చూపు వేరు.

వ్యాఖ్యాత: మేడమ్, ఆ ప్రాంతంలో వెయ్యిన్నొక్క కోటలు ఉన్నాయని అంటుంటారు. ఒక్క నది ఒడ్డున అన్ని కోటలు ఎందుకు?

అధ్యాపకురాలు: లెక్క పెట్టి చెప్పిన మాట కాదులెండి, మన వాళ్లు కోటిలింగాలు అన్నట్టు. అయితే కోటలు విపరీతంగా ఉన్న మాట నిజం. కారణం ఒక పెళ్లి! 1152లో నైరుతి ఫ్రాన్స్‌లోని అక్విటేన్ ప్రాంతపు పాలకురాలు ఎలియనోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను చేసుకుంది. రెండేళ్లకు ఆయన ఇంగ్లండ్ రాజయ్యాడు. దాంతో నైరుతి ఫ్రాన్స్‌లో పెద్ద భాగం ఇంగ్లండ్ రాజు చేతికి వచ్చింది. తర్వాత మూడు వందల ఏళ్లు ఈ లోయ సరిహద్దే. నది ఈ ఒడ్డున బెనాక్ కోట, ఆ ఒడ్డున కాస్తెల్నో కోట. నూరేళ్ల యుద్ధంలో బెనాక్ ఫ్రెంచి రాజు పక్షం, కాస్తెల్నో చాలాకాలం ఇంగ్లండ్ పక్షం. ఒకదాని బురుజు మీద నిలబడితే రెండోది కనిపిస్తుంది. శత్రువు పొయ్యి వెలిగించినా పొగ కనబడే దూరం.

ఇంజనీరు: ఇటు ఫ్రెంచి వాళ్లు, అటు ఇంగ్లిష్ వాళ్లు.

అధ్యాపకురాలు: అక్కడే పొరపాటు పడతాం. రెండు కోటల్లోనూ స్థానిక ప్రభువులే, రెండు ఒడ్డులా మాట్లాడింది ఒకే ఆక్సిటాన్ భాష. ఎవరు ఎక్కువ ఇస్తే అటు జెండా తిప్పినవాళ్లూ ఉన్నారు. చివరికి ఆ యుద్ధం ముగిసింది కూడా ఇదే నది దిగువన, కాస్తియోన్ దగ్గర, 1453లో. ఫ్రెంచి ఫిరంగులు పని పూర్తి చేశాయి. ఫిరంగి వచ్చాక కోటగోడకు పాత విలువ లేదు.

వ్యాఖ్యాత: కోటలు సరే, ఊళ్ల సంగతి?

అధ్యాపకురాలు: దొమ్ అని ఒక ఊరు ఉంది. నాకు అన్నిటికంటే అదే ఇష్టం. 1281లో ఫ్రెంచి రాజు మూడో ఫిలిప్ కొండ మీద కొత్తగా కట్టించాడు. ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి. ఇలా రాజు పథకం ప్రకారం ఒకేసారి వెలిసిన ఊళ్లను బాస్తీద్ అంటారు. తిన్నని వీధులు, మధ్యలో సంత. జనం వచ్చి స్థిరపడాలని హక్కులు, రాయితీలు ఇచ్చేవారు. దొమ్‌కు ఒక పక్క ప్రాకారం, పెద్ద ద్వారాలు. నది వైపు మాత్రం గోడ అక్కర్లేదనుకున్నారు. అటు నిలువు కొండ, ఎవరెక్కుతారని. 1588లో మతయుద్ధాల కాలంలో ప్రొటెస్టెంట్ సేనాని వీవాన్స్ మనుషులు రాత్రిపూట సరిగ్గా అటు నుంచే ఎక్కి, లోపల దిగి, తమవాళ్లకు తలుపులు తీశారు.

వ్యాఖ్యాత: ఖైదీల గీతలు ఉన్నది అక్కడే కదా?

అధ్యాపకురాలు: అవును, ఒక ద్వారపు బురుజుల్లో. 1307లో ఫ్రెంచి రాజు టెంప్లర్లను, అంటే సన్యాస దీక్ష తీసుకున్న క్రైస్తవ యోధులను, మూకుమ్మడిగా పట్టించినప్పుడు కొందరిని దొమ్‌లో బంధించారు. రాతి గోడ మీద శిలువలు, క్రీస్తు బొమ్మలు గీకి ఉన్నాయి. అవి వాళ్లు చెక్కినవేనని చెబుతారు. లోతు తక్కువ, వంకర టింకర. శిల్పి చెయ్యి కాదు. రోజులు గడవని మనిషి చెయ్యి.

వ్యాఖ్యాత: ఆర్కిటెక్టు గారూ, మీరు ఇంతసేపు మౌనంగా ఉన్నారు.

ఆర్కిటెక్టు: కోటల కబుర్లు అయ్యేదాకా ఆగాను. నన్ను లాగేది పైకప్పులు. ఆ ప్రాంతంలో పాత ఇళ్లకు పెంకులకు బదులు పలుచని సున్నపురాతి పలకలు పేరుస్తారు. లోజ్ అంటారు. చదరపు మీటరుకు అర టన్నుకు పైగా బరువు! అంత బరువు మోయాలంటే కింద వాసాలు ఎంత లావుండాలో ఆలోచించండి. కప్పు కూడా బాగా వాలుగా ఉండాలి. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ.

వ్యాఖ్యాత: మరి అవన్నీ ఇన్నాళ్లు ఎలా నిలిచాయి?

ఆర్కిటెక్టు: డబ్బు లేక. వెటకారం కాదు, వాస్తవం. సార్లా పట్టణమే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో ఊరి నడిబొడ్డున కత్తితో కోసినట్టు ఒక తిన్నని రోడ్డు వేశారు. అంతకుమించి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఊరికి లేదు. పాతవి పాతవిగానే మిగిలి, శిథిలమవుతూ వచ్చాయి. 1962లో మంత్రి ఆంద్రే మాల్రో పేరుతో చట్టం వచ్చింది. ఒక్కో కట్టడాన్ని కాకుండా మొత్తం పేటనే రక్షించే చట్టం. దాన్ని మొదట అమలు చేసిన ఊళ్లలో సార్లా ఒకటి. ఇవాళ మీరు చూసే ఆ తేనె రంగు గోడలు అప్పటి మరమ్మతుల పుణ్యమే.

ఇంజనీరు: నాకొక చిన్న అభ్యంతరం. నేను ఫిబ్రవరిలోనూ వెళ్లాను. సగం కిటికీలు మూసి ఉన్నాయి. ఆగస్టులో కాలు పెట్టే చోటుండదు, ఫిబ్రవరిలో పలకరించే మనిషి ఉండడు. గోడల్ని కాపాడారు సరే, ఊరిని కాపాడినట్టేనా?

ఆర్కిటెక్టు: ఆ ప్రశ్న సబబే. కానీ చట్టం లేకపోతే గోడలూ ఉండేవి కావు, ఫిబ్రవరిలో మీకు బెంగపడే అవకాశమూ ఉండేది కాదు.

అధ్యాపకురాలు: నదినీ మరచిపోకండి. మనకు అది దృశ్యం, వాళ్లకు అది రోడ్డు. ఎగువ అడవుల్లో కలప కొట్టి గబార్ అనే బల్లపరుపు పడవల్లో వేసుకుని, నీళ్లు పెరిగినప్పుడు దిగువకు వదిలేవారు. ద్రాక్ష తోటలకు ఊతకర్రలు, సారా పీపాలకు ఓక్ చెక్కలు. ఎగువ నుంచి వచ్చిన పడవలు చాలావాటికి తిరుగు ప్రయాణం లేదు. సరుకుతో పాటు పడవనూ విప్పి చెక్క కింద అమ్మేసి, పడవవాళ్లు కాలినడకన ఇల్లు చేరేవారు. రైలు వచ్చాక ఆ వృత్తి పోయింది. ఇప్పుడు గబార్‌లు పర్యాటకులను ఎక్కించుకుని లా రోక్ గజాక్ ముందు తిరుగుతున్నాయి.

వ్యాఖ్యాత: ప్రేక్షకులు ఒకటి తప్పకుండా అడగమన్నారు. శాకాహారులకు అక్కడ ఏం దొరుకుతుంది?

ఇంజనీరు: అక్రోటు కాయలు, మేకపాల జున్ను, రొట్టె. శనివారం సార్లా సంతలో ఇవి కొనుక్కుంటే పూట గడిచిపోతుంది. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఏమైందంటే, ఒక హోటల్లో వెల్లుల్లి వేసి ఎర్రగా వేయించిన బంగాళదుంపలు తెచ్చారు. అచ్చం మన వేపుడే. అమ్మ సంతోషంగా రెండోసారి కూడా వడ్డించుకుంది. లేచేటప్పుడు తెలిసింది, అక్కడ దుంపలు వేయించేది బాతు కొవ్వులో అని. ఇప్పటికీ అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. ఈ కార్యక్రమం ఆవిడ చూడకపోతే బాగుండు.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మా ప్రమేయం లేదు. చివరిగా, బెనాక్ దగ్గర వివాదం గురించి. ఊరికి బైపాస్ వేస్తామంటే ఎందుకు ఆగిపోయింది?

ఆర్కిటెక్టు: బెనాక్‌లో కొండకూ నదికీ మధ్య ఒకే ఇరుకు రోడ్డు. వేసవిలో లారీలు, కార్లు ఇరుక్కుపోతాయి. దాంతో జిల్లా యంత్రాంగం నది మీద వంతెనలతో బైపాస్ తలపెట్టి 2018లో పని మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆపేయమంది. మరుసటి ఏడాది బోర్దో అప్పీలు కోర్టు, కట్టినదంతా తీసేయమని తీర్పిచ్చింది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఆపింది కోటల అందం కాదు, అక్కడి రక్షిత జీవజాతులు. వాటికి నష్టం చేసేంత పెద్ద ప్రజా అవసరం ఇందులో లేదన్నారు.

ఇంజనీరు: నేను స్థానికుల పక్షం. పాలు తెచ్చుకోవడానికి అరగంట ట్రాఫిక్‌లో కూర్చున్నవాడిని అడగాలి ఆ అవసరం ఎంతో.

అధ్యాపకురాలు: రెండు కోటల మధ్య కాంక్రీటు వంతెన ఊహించుకోండి మీరు.

ఇంజనీరు: ఊహించుకోనక్కర్లేదు మేడమ్, తీర్పు వచ్చాక కూడా స్తంభాలు నీళ్లలోనే ఉన్నాయి. మా అబ్బాయితో చిన్న పడవ వేసుకుని ఆ పక్క నుంచే వెళ్లాను. అప్పటికి వాడు కాస్తెల్నో కోటలో రాళ్లు విసిరే యంత్రాలన్నీ చూసి వచ్చాడు. ఆ స్తంభాలు చూపించి, “నాన్నా, ఈ వంతెనను ఏ యుద్ధంలో కూల్చేశారు?” అని అడిగాడు.

వ్యాఖ్యాత: ఏం చెప్పారు?

ఇంజనీరు: ఇంకా కట్టలేదురా అన్నాను. వాడు నమ్మలేదు.