ఎర్ర దుస్తుల బాలుడు, మూడు పిల్లులు

శ్రోతలకు నమస్కారం. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా పేరు వినగానే చాలామందికి యుద్ధ బీభత్సాన్ని చూపిన ఆయన చిత్రాలే గుర్తుకు వస్తాయి. నేను మాత్రం ఈ పూట, ఆయన 1787-88 ప్రాంతంలో చిత్రించిన ఒక పసివాడి బొమ్మ గురించే మాట్లాడదలిచాను. ఊహకూ ఉద్వేగానికీ పెద్దపీట వేసిన కాల్పనికోద్యమం (రొమాంటిసిజం) యూరప్‌లో ఇంకా పూర్తిగా వేళ్లూనుకోకముందే, ఆ కాలపు కళాకారులను వెంటాడిన భయసౌందర్యాలు రెండూ ఈ చిత్రంలో ఒక్కచోట చేరాయని నా నమ్మకం.

బాలుడి పేరు మాన్యుయెల్ ఒసోరియో. స్పెయిన్‌లోని ఆల్టమీరా ప్రభువు కొడుకు, 1784లో పుట్టాడు. ఒంటినిండా ఎర్రని దుస్తులు, మెడచుట్టూ లేసు, నడుముకు వెడల్పాటి పట్టీ. చేతుల్లో ఒక దారం. ఆ దారానికి కట్టి ఉన్నది మాగ్‌పై అనే నలుపు తెలుపుల పక్షి. మన కాకి జాతిదే. అది ముక్కున కరచుకొని ఉన్నది ఏమిటో తెలుసా? గోయా విజిటింగ్ కార్డు! బొమ్మకింద చేయవలసిన సంతకాన్ని చిత్రకారుడు ఆ పక్షి నోటికి అందించాడు. ఒకపక్క పంజరం నిండా చిన్న పిట్టలు. ఇంకొకపక్క చీకట్లో పిల్లులు.

ఆ పిల్లులు కళ్లు విప్పార్చి, రెప్పవాల్చకుండా ఆ మాగ్‌పై పక్షినే చూస్తున్నాయి. పిల్లవాడు మాత్రం పక్షిని చూడడు, పిల్లులనూ చూడడు. దారం అతడి చేతిలోనే ఉంది, కానీ జరగబోయేది అతడి చేతిలో లేదు.

మాన్యుయెల్ 1792లో, ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు. అందుకే ఈ చిత్రంలో మృత్యుసూచన ఉందని చెప్పేవారున్నారు. పక్షులను ఆత్మకు ప్రతీకలుగా వాడే ఆచారం క్రైస్తవ చిత్రకళలో ఉన్నమాట నిజమే అయినా, కుంచె పట్టిన నాటికి గోయాకు ఆ బాలుడు చనిపోబోతాడన్న సంగతి తెలిసే అవకాశం లేదు కనుక, ఆ విషాదాన్ని మనం వెనక్కి తీసుకెళ్లి బొమ్మకు అంటగట్టనక్కరలేదని నేను అనుకుంటాను. మనల్ని కలవరపెట్టడానికి ఆ పిల్లుల చూపు చాలు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రాన్ని ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఫోన్‌లో చూసేవారికి ఒక్క మాట: తెర వెలుతురు బాగా పెంచుకోండి. తొలిచూపులో రెండు పిల్లులే కనిపిస్తాయి. మూడవది నల్లపిల్లి, ఆ రెండింటి వెనుక చీకట్లో కలిసిపోయి ఉంటుంది. ముందుగా దాని కళ్లకోసం వెతకండి.